నూటికి ముప్పై

ఛాంపియన్ రీఫ్స్, కె.జి.ఎఫ్.
మార్చి 1

చిరంజీవి లోకేశ్‌కు అక్క సౌభాగ్య ఆశీస్సులు.

శివరాత్రి జాగరణ అయిన మూడు రోజుల్లో నా వేసవి అంచనా పోస్టులో పడాలి, నీది కూడా పడాలి. ఒకరిది ఒకరు చూసుకోకుండా రాసుకోవాలి. మన ఒప్పందం అదే కదా. ఈ కాలంలో ఉత్తరాలేమిటని మా స్కూల్లో టీచర్లు నవ్వుతున్నారు. వాళ్ళకేం తెలుసు? ఫోనులో అయితే నువ్వు వాన కురిశాక పాత మాట చెరిపేసి కొత్త మాట పెడతావు. రెండేళ్ళ కిందట పట్టుబడ్డావు కూడా, మర్చిపోయావా దొంగా?

ఈసారి వసంతానికి తొందరెక్కువ. ఫిబ్రవరి సగానికే రాత్రి చలి విరిగిపోయింది. తెల్లవారి మంచు నాలుగు రోజులు మురిపించి మాయమైంది. ఇక్కడ గనుల్లోంచి బంగారం తీసుకుని పారబోసిన సైనైడ్ గుట్టలు చూశావు కదా, ఆ తెల్లపొడి మామూలుగా ఉగాది దగ్గరపడ్డాక గాలికి లేస్తుంది. ఇప్పుడే లేచి మా వంటింటి గిన్నెల మీద కూర్చుంది. అమ్మ ఉంటే ప్రభుత్వాన్ని, గాలిని, నన్ను కలిపి తిట్టేది. నాకు మాత్రం ఆ పొడి ఎటు పోతోందో చూడటం సరదా. గాలి ఆగ్నేయం నుంచి వీస్తోంది. సముద్రం వైపు నుంచి తేమ తొందరగానే మొదలవుతుందని దాని అర్థం.

ఇక నా అంచనా. మార్చి పొడిగా, వేడిగా గడుస్తుంది. ఏప్రిల్‌లో రెండు మూడు దఫాలు ఉరుముల వాన ఉంటుంది. ఎండ మామూలు కంటే కాస్త ఎక్కువే గానీ మాడ్చేసేది కాదు. వడగళ్ళు మీ శ్రీనివాసపురం వైపు పడే అవకాశం నూటికి ముప్పై. ఏటా ఉండే దానికంటే ఇది ఎక్కువే. కానీ పడకపోవడానికి డెబ్బై ఉందని కూడా గుర్తుపెట్టుకో.

నిన్న చిన్నవెంకటమ్మ చిన్నమ్మ ఫోన్ చేసింది. చిన్నాన్న పోయినప్పటి నుంచి ఆమె మామిడితోట కాపును పూత మీదే గుత్తకు ఇచ్చేస్తోంది కదా. ఈసారి ఇవ్వదట. “ఈ తూరి నా చెట్లు నేనే కోయిస్తానమ్మా. మండీలో మీ చిన్నాయన పేరుతోనే బండి దించల్ల. రాళ్ళవాన ఉండాదా లేదా, చెప్పు” అని అడిగింది. నూటికి ముప్పై అన్నాను. “అంటే?” అంది. గట్టిగా చెప్పలేమని, నీ ఇష్టమని అన్నాను. నా మాట పూర్తికాకముందే ఫోను పెట్టేసింది. ఆమె రోషం నీకు తెలుసు, అలిగిందేమో. ఒకసారి వెళ్ళి తోటలో పూత ఎలా ఉందో చూసి రాయి.

నీ అక్క,
సౌభాగ్య

*

శ్రీనివాసపురం
మార్చి 7

సౌభాగ్యక్కకు లోకేశ్ నమస్కారాలు.

నీ ఉత్తరం, నాది దారిలో ఎదురుపడి పలకరించుకుని ఉంటాయి. నా అంచనా ఈపాటికి చదివి ఉంటావు. ఎండ చంపేస్తుంది, రాళ్ళవాన తప్పదు. నీలాగా నూటికి ఇంత, నూటికి అంత అని తూకాలు వేయడం నాకు చేతకాదు. మగాడన్నాక ఒక మాట మీద ఉండాలి, నవ్వకు.

పూత మాత్రం చూడాల్సిందే అక్కా. తోతాపురికి ఆకు కనపడటం లేదు. బాదామి రకం కాస్త వెనకబడింది గానీ దానికదే అందుకుంటుంది. తేనెమంచు పురుగు మందు కోసం నా అంగడి ముందు పొద్దున్నుంచీ జనమే. మందు చేతికి తీసుకుంటూ అందరూ అడిగేది ఒకటే: “లోకేశప్పా, కె.జి.ఎఫ్. అక్క ఏమంటాది?” నువ్వు గుట్టలు చూసుకుంటూ కూర్చున్నావు గానీ ఇక్కడ నీ పేరు మోగిపోతోంది. మన ‘వాన కబురు’ వాట్సాప్ గుంపులో ఇప్పుడు తాలూకా సగం ఉంది. నువ్వేమో గోల ఎక్కువని ఏడాది కిందటే బయటికి పోయావు. మొన్న నీ మాట నా గొంతుతో చెప్పి పెట్టాను. గంటలో ఊరూరూ తిరిగింది.

బేరగాళ్ళు దిగారు. ఓబలప్ప రెండు జీపుల్లో మనుషులను వేసుకుని తోటలు తిరుగుతున్నాడు. నువ్వు గనుల ఊళ్ళో ఉండేదానివి, నీకు ఈ పద్ధతి సరిగ్గా తెలియదు. పూత చూసి ఒక ధర అనుకుంటారు. తువ్వాలు కప్పుకుని, దాని కింద వేళ్ళు పట్టుకుని బేరం. వేళ్ళు వదిలాక ఇక మాట మార్చకూడదు. తర్వాత గాలివాన వచ్చి మొత్తం రాలినా నష్టం కొన్నవాడిది. కొమ్మలు విరిగేటట్టు కాసినా లాభం కొన్నవాడిది. కోతలు అయ్యేదాకా తోట వాడిదే. కన్నతల్లి వచ్చి అడిగినా కాయ తెంపి ఇవ్వడానికి మనకు హక్కు లేదు.

చిన్నమ్మ తోట కూడా చూశాను. చెట్లు పెళ్ళికూతుళ్ళలాగా ఉన్నాయి. ఆమె రోజూ అంగడికి వస్తోంది, కూర్చుంటోంది, పోతోంది. నేను చూసుకుంటాలే, నువ్వు దిగులుపడకు.

నీ తమ్ముడు,
లోకేశ్

*

ఛాంపియన్ రీఫ్స్
మార్చి 15

చిరంజీవి లోకేశ్‌కు,

ఇక్కడ ఎండ ముదిరింది. మధ్యాహ్నం రెండింటికి క్లాసులో పిల్లలు బల్లల మీద వాలిపోతున్నారు. పడమట మబ్బు రోజూ పెరిగి, సాయంత్రానికి ఉత్తదే అయిపోతోంది. అలాంటి మబ్బును చూస్తే నాకు కోపం వస్తుంది, పెళ్ళిచూపులకు వచ్చి తిని పోయినవాళ్ళను చూసినట్టు.

ఒక సంగతి అడుగుతాను, సరిగ్గా చెప్పు. నా మాట గుంపులో ఎలా చెప్పావు? నూటికి ముప్పై అని చెప్పావా లేదా? ఆ అంకె తీసేస్తే అది నా మాట కాదు. నీ సంగతి నాకు తెలుసు కాబట్టి అడుగుతున్నాను. గోరంత దొరికితే కొండంత చేస్తావు. చిన్నప్పుడు తూనీగలు కిందికి ఎగిరాయని చెప్పి స్కూలుకు సెలవు ఇప్పించినవాడివి.

చిన్నమ్మకు రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. తొందరపడవద్దని చెప్పు. ఉగాది దాకా ఆగితే గాలి సంగతి ఇంకాస్త తేలుతుంది. అప్పుడు మళ్ళీ లెక్క వేసి చెప్తాను. మూడేళ్ళ తర్వాత సొంతంగా కోయించుకోవాలని ఆశపడింది, ఊరికే భయపెట్టకండి.

సౌభాగ్య

*

శ్రీనివాసపురం
మార్చి 31

అక్కకు నమస్కారాలు.

నిన్న ఉగాదికి నీకు ఫోన్ చేద్దామనుకుని, ఉత్తరమే రాస్తాను కదా అని ఊరుకున్నాను. సాయంత్రం మొదటి మామిడి జల్లు పడింది. దుమ్ము అణిగేటంత. వాసన మాత్రం ప్రాణం లేచి వచ్చేటట్టు ఉంది. గాలి లేదు, ఉరుము లేదు. అంగడి ముందు నిలబడి చేతులు చాపి తడిశాను. పిచ్చోడనుకున్నారు.

నువ్వు అడిగినదానికి జవాబు: చెప్పాల్సినట్టే చెప్పాను. గొంతుతో చెప్పేటప్పుడు అంకెలన్నీ చదువుకుంటూ కూర్చోలేం కదా. సారాంశం చెప్పాను.

చిన్నమ్మ తోట ఓబలప్పకు ఇచ్చేసింది. నీ ఉత్తరం వచ్చేటప్పటికే అయిపోయింది. నా అంగడి అరుగు మీదే బేరం. తువ్వాలు నాదే. మా వీధిలో ఒక్కొక్కరు ఇచ్చేస్తుంటే ఆమె మాత్రం ఎన్నాళ్ళు ఆగుతుంది? మంచిపనే జరిగింది అక్కా. ఇప్పుడు రాళ్ళు పడినా, గాలి లేచినా హాయిగా తలుపేసుకుని పడుకోవచ్చు. వేళ్ళు వదిలాక ఆమె కాసేపు అరుగు మీదే కూర్చుంది. కాఫీ తెప్పిస్తే తాగలేదు. “సరేలేప్పా, పూత చల్లంగా ఉండల్ల” అని పోయింది.

ఏప్రిల్ కోసం ఎదురుచూస్తున్నాను. తూర్పున గుంపు కడుతున్న మబ్బు చూశావా?

లోకేశ్

*

ఛాంపియన్ రీఫ్స్
ఏప్రిల్ 12

లోకేశ్‌కు,

చిన్నమ్మ సంగతి చదివి మనసు చివుక్కుమంది. ఉగాది దాకా ఆగమన్నాను. అయినా అయిపోయినదానికి ఏం చేస్తాం, ఆమెకు కనీసం నిద్ర దక్కింది అనుకున్నాను. తర్వాత ఇంకో సంగతి జరిగింది, అది రాస్తాను.

మంగళవారం సాయంత్రం మాలూరు వైపు నల్లటి మబ్బు నిలువుగా లేచింది. మేడ మీదికి పరిగెత్తాను. ఇక్కడ చినుకు పడలేదు, చల్లగాలి మాత్రం ముఖానికి కొట్టింది. మర్నాడు మా స్కూల్లో లెక్కల టీచర్ భూమిక చెప్పింది, వాళ్ళ ఊరు లక్కూరులో వడగళ్ళు పడ్డాయట. నిమ్మకాయంత ఉన్నాయట. ఫోటోలు చూపించింది. వాకిలంతా తెల్లగా ఉంది.

నేను ఏం చేశానో తెలుసా? “చూశారా, నేను చెప్పాను కదా! ఏప్రిల్‌లో ఉరుముల వాన, చెప్పాను కదా!” అని స్టాఫ్ రూములో గంతు వేసినంత పని చేశాను. రాయి ఎంత ఉంది, ఎన్ని నిమిషాలు పడింది, గాలి ఎటునుంచి అని ప్రశ్నల మీద ప్రశ్నలు. భూమిక ఒక్కొక్కటీ చెప్పింది. చివరికి ఫోను మూసేసి, “మేడం, మా నాయిన టమాట తోట పూర్తిగా పోయింది. మీకు సంతోషంగా ఉండాదా?” అంది.

క్షమించమన్నాను. ఆమె అప్పటి నుంచి మధ్యాహ్నం డబ్బా వేరే బల్ల దగ్గర తింటోంది.

నీతో కాబట్టి చెప్తున్నాను. ఇంత సిగ్గుపడ్డాక కూడా ఇంటికి వచ్చి నా అంచనా కాగితం తీసి, వడగళ్ళు అన్న చోట లక్కూరు అని రాసి టిక్కు పెట్టుకున్నాను. మనకు ఇది ఎలాంటి పిచ్చి లోకేశా?

శ్రీనివాసపురంలో ఏమైనా పడిందా? చిన్నమ్మ ఎలా ఉంది? రాయి.

సౌభాగ్య

*

శ్రీనివాసపురం
ఏప్రిల్ 28

అక్కకు,

లక్కూరు వడగళ్ళ ఫోటోలు గుంపులో వేసేశాను. ‘మన మాట నిలిచింది’ అని పెట్టాను. పొగడ్తలే పొగడ్తలు. మన జిల్లాయే కదా అక్కా, తగిలినట్టే లెక్క. భూమిక టీచర్ మాటలు పట్టించుకోకు. నష్టం జరిగినవాళ్ళు ఎవరో ఒకరి మీద పడి ఏడుస్తారు, మబ్బును తిట్టలేరు కదా.

ఇక్కడ రాళ్ళు పడలేదు. రెండు మంచి జల్లులు పడ్డాయి, అంతే. ఎండ కూడా ఫరవాలేదు. పిందె బాగా నిలిచింది. చాలా బాగా నిలిచింది అనే చెప్పాలి. కొన్ని తోటల్లో కొమ్మలకు కర్రలు పోటు పెడుతున్నారు. పెద్దవాళ్ళు ఇలాంటి కాపు ఎప్పుడు చూశామా అని తలలు గోక్కుంటున్నారు.

చిన్నమ్మ తోటవైపు నేను పోలేదు. అంగడిలో తీరిక లేదు. ఆమె కూడా ఇటు రావడం మానేసింది. కొందరు ఊరికే సణుగుతున్నారు. పూత మీద తొందరపడి ఇచ్చేశామని వాళ్ళ బాధ. అన్నీ మనమే చేశామా?

వేసవి సెలవులకు వస్తానన్నావు. ఇప్పుడు రాకు, మేడ గది వేడి. జూన్‌లో చల్లబడ్డాక రా.

లోకేశ్

*

ఛాంపియన్ రీఫ్స్
మే 25

లోకేశ్‌కు,

నేను శ్రీనివాసపురం వచ్చి పోయాను. నీకు చెప్పలేదు. బస్సు దిగి నీ అంగడి ముందునుంచే నడిచాను. నువ్వు ఫోనులో ఎవరికో జూన్ వానల గురించి చెప్తున్నావు, నన్ను చూడలేదు.

మండీ దారంతా మామిడి లారీలే. ఆ వాసనకు ఆకలి కూడా వేసింది, సిగ్గులేదు చూడు. చిన్నమ్మ ఇంట్లో మాత్రం ఒక్క పండు లేదు, ఊరగాయకు ఒక్క కాయ లేదు. అంగడిలో కొని తెచ్చిన అరటిపళ్ళు పెట్టింది నాకు. మామిడి పెట్టలేదేమని అడగబోయి, ముఖం చూసి ఊరుకున్నాను.

ఏం జరిగిందో ఆమె చెప్పలేదు. కోతకు వెళ్ళే మారమ్మ చెప్పింది, వీధి కొళాయి దగ్గర.

మే మొదట్లో ఒక రాత్రి గాలి వీచింది కదా. పొద్దున్నే చిన్నమ్మ తోటలోకి వెళ్ళిందట. పోకుండా ఎలా ఉంటుంది? ఆ గుంతలు తవ్వింది ఆమె, కడవలతో నీళ్ళు మోసింది ఆమె. రాలిన కాయలు నాలుగు ఏరి కొంగులో వేసుకుంది. ఓబలప్ప పెట్టిన కాపలావాడు గుడిసెలోంచి అరిచాడట. “ఏయమ్మా, దింపు! గుత్తకిచ్చినాక ఒక్క కాయ గూడా నీది కాదు” అని. “రాలిండేవి గదప్పా, ఊరగాయకి” అందట చిన్నమ్మ. “రాలిండేవి గూడా మావే. ఇంగ ఎన్ని దాచిండావో, కొంగు విదిలించు” అన్నాడట. కోతవాళ్ళు అందరూ నిలబడి చూస్తున్నారు. మారమ్మ కూడా అందులో ఉంది. “ఏం చేయల్లమ్మా, మా కూలి ఆయప్ప చేతిలో ఉండాది” అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

చిన్నమ్మ కొంగు విప్పి, అందరి ముందు రెండుసార్లు విదిలించి చూపించిందట. తర్వాత కాయలను కాలితో కూడా తాకకుండా ఇంటికి వచ్చేసిందట. ఆరోజు నుంచి తోట వైపు కిటికీ మూసే ఉంది. నేను రెండు రోజులున్నాను, తెరవలేదు.

ఇంకో సంగతి. పక్కతోట హేమంత్ నన్ను గుర్తుపట్టి, “మీరేనా ఆ అక్క?” అన్నాడు. ఆ అనడంలోనే ఏదో ఉంది. ఫోను తీసి నీ గొంతు వినిపించాడు. “కె.జి.ఎఫ్. సౌభాగ్యక్క చెప్పిందంటే చెప్పినట్టే. ఈ తూరి రాళ్ళవాన ఖాయం. పూత మీద ఇచ్చుకున్నోడు బతికినాడు, ఉంచుకున్నోడు పోయినాడు!” వెనకాల ఉరుముల చప్పుడు కూడా కలిపావు. ఎక్కడ దొరికిందిరా నీకు ఆ ఉరుము?

నేను ఖాయమని ఎప్పుడు అన్నాను? ఇచ్చుకోమని ఎప్పుడు అన్నాను? నా పేరు పెట్టి, నా నోట్లో నీ మాట పెట్టి, ఊరంతటి చేతా తోటలు అమ్మించావు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ వీధిలో తలెత్తుకుని నడవలేకపోయాను. ఇన్నేళ్ళలో నా అంచనా ఇంత సరిగ్గా ఎప్పుడూ రాలేదు. వాన, ఎండ, గాలి అన్నీ చెప్పినట్టే వచ్చాయి. ఊళ్ళో మాత్రం అబద్ధాలకోరు అక్కని అయ్యాను.

ఓబలప్ప నీకు ఏమిచ్చాడు? సూటిగా చెప్పు.

సౌభాగ్య

*

శ్రీనివాసపురం
జూన్ 2

అక్కా,

ఓబలప్ప దగ్గర నేను కాఫీ కూడా తాగలేదు. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు. ఆ మాట అడిగినందుకు నిన్ను క్షమించలేను.

ఖాయమని అన్నాను, నిజమే. నేను నమ్మాను కాబట్టి అన్నాను. నా సొంత అంచనా కూడా అదే, నీకు కాగితం మీద పంపాను. నీ పేరు ఎందుకు చేర్చానంటే నా పేరుకు అంత విలువ లేదు కాబట్టి. మందులు అమ్మేవాడి మాట ఎవరు వింటారు? నువ్వు చదువుకున్నదానివి, టీచరువి. ఇక నూటికి ముప్పై అంటావా, ఒకసారి అలాగే చెప్పి చూశాను, పోయిన ఏడు. ‘ఏందప్పా ఇది, ఉండాదా లేదా?’ అని నలుగురు నవ్వి, బెంగళూరు నుంచి ఎవడో ఖాయంగా చెప్పేవాడి గుంపులోకి పోయారు. జనం వింటుంటే ఎంత బాగుంటుందో నీకు తెలియదు. పొద్దున్నే అంగడి తాళం తీసేటప్పటికి నా మాట కోసం నలుగురు నిలబడి ఉంటారు. మా ఇంట్లో కూడా నా మాట ఎవరూ వినరు అక్కా.

నువ్వు ఇంత రాశావు కాబట్టి నేనూ ఒకటి రాస్తాను. నీతో ఫోనులో మాట్లాడిన మర్నాడు చిన్నమ్మ నా దగ్గరికి వచ్చింది. “సౌభాగ్య ఏందో లెక్క చెప్పింది, నాకు తెలీలేదు. నీ ఇష్టం అనేసింది. నా ఇష్టం నాకు తెలుసు, నా ఇష్టాన్ని రాళ్ళు వింటాయా? నువ్వు చెప్పు లోకేశా, ఉంచుకోనా, ఇచ్చేయనా?” అని అడిగింది. ఆమెకు కావలసింది ఒక్క మాట. నువ్వు ఇవ్వలేదు. నువ్వెప్పుడూ ఇవ్వవు. రాళ్ళు పడితే ముప్పై ఉందన్నాను కదా అంటావు, పడకపోతే డెబ్బై ఉందన్నాను కదా అంటావు. ఎటు తిరిగినా నీదే ఒప్పు. మునిగేది మాత్రం ఒక మాట చెప్పినవాడు. “ఇచ్చేయి చిన్నమ్మా” అన్నాను. వారం రోజులు నా అంగడిలో కూర్చుని ఆలోచించింది. ఇచ్చేసింది.

లక్కూరులో రాళ్ళు పడితే టిక్కు పెట్టుకున్నది ఎవరు? నేను ఫోటోలు వేశాను, నువ్వు టిక్కు పెట్టావు. ఇద్దరం ఒకటే.

చిన్నమ్మ ఇంటికి పోయాను. తలుపు తీయలేదు. కిటికీ సందులోంచి దీపం కనపడుతోంది. అరగంట నిలబడి వచ్చేశాను.

లోకేశ్

*

ఛాంపియన్ రీఫ్స్
జూన్ 10

లోకేశ్,

నీ ఉత్తరంలో ఒక్క మాట నిజం. చిన్నమ్మ అడిగినప్పుడు నేను తప్పించుకున్నాను. ఆమె గొంతులో ఆశ వినపడుతూనే ఉంది, అయినా అంకె చెప్పి చేతులు దులుపుకున్నాను. ‘నీ చోట నేనుంటే ఉంచుకుంటాను చిన్నమ్మా’ అనడానికి నాకు ధైర్యం చాలలేదు. నా తప్పు నీ నోట వినాల్సి వచ్చింది, నా కడుపుమంట అదే.

అయినా అది నాకూ చిన్నమ్మకూ మధ్య సంగతి. నువ్వు చేసింది ఊరందరితో. ఒక్క పని చెయ్యి. ఏ గొంతుతో, ఏ గుంపులో ఖాయమని అరిచావో, అదే గొంతుతో, అదే గుంపులో చెప్పు. రాళ్ళవాన ఖాయమన్నది నీ మాట, నాది కాదని చెప్పు. అది చెప్పేదాకా నాకు ఉత్తరం రాయకు.

ఇక్కడ రుతుపవనాలు వచ్చాయి. ఎప్పుడు వచ్చాయో, ఎంత కురిసిందో నేను చూడలేదు. తలుపు దగ్గర కూర్చుంటే చప్పుడు వినపడింది.

సౌభాగ్య

*

శ్రీనివాసపురం
జూలై 20

అక్కా,

చెప్పాను. నువ్వు అడిగిన మాట అడిగినట్టే చెప్పాను. ఉరుములు గిరుములు కలపలేదు. మూడుసార్లు చెరిపి నాలుగోసారి పెట్టాను. తిడతారని రాత్రంతా కాచుకున్నాను. ఎవరూ తిట్టలేదు అక్కా. హేమంత్ ఒక్కడే ‘ఇప్పుడు చెప్పి ఏం లాభం’ అని పెట్టాడు. దాని కిందే ఇంకెవరో ‘ఈ వారం వాన ఉండాదా లోకేశన్నా? వేరుశనగ వేయల్ల’ అని అడిగారు. వెంటనే ఇంకో పది మంది అదే అడిగారు. నేను గుంపులోంచి బయటికి వచ్చేశాను.

ఈ ఉత్తరం రాయడానికి కారణం అది కాదు. నీకు నేను చెప్పకపోతే ఇంకెవరో చెప్తారు.

ఈరోజు పొద్దున అంగడి తీస్తుంటే మారమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. “చిన్నవెంకటమ్మ చెట్లు కొట్టిస్తా ఉండాది, పోప్పా, ఆపుపో” అంది. అంగడి అలాగే వదిలేసి పరిగెత్తాను. దారిలోనే రంపం మిషను చప్పుడు వినపడింది. నేను చేరేటప్పటికి తూర్పు వరస మొత్తం నేల మీద ఉంది. ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. రెండు లారీలు నిలబడి ఉన్నాయి. చిన్నమ్మ పనివాళ్ళకు చెంబుతో టీ పోస్తోంది. అంత నిదానంగా ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు. తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని ఉంది.

తోట మొత్తం నీలగిరి చెట్లకు ఇచ్చేసిందట. నాటేది, నరికేది అంతా కంపెనీవాళ్ళే. దానికి పూత ఉండదు, కాపు ఉండదు, కాపలా ఉండదు.

నేను ఏడ్చాను అక్కా, నీతో దాచడం ఎందుకు? “చిన్నమ్మా, ఆపించు. మిగిలినవైనా ఉంచు. వచ్చే ఏడు నేనే దగ్గరుండి కోయిస్తాను. చిన్నాన్న పేరుతోనే బండి దించుదాం. తప్పంతా నాది” అన్నాను. చెంబు కింద పెట్టి నా వైపు చూసింది. కోపం లేదు. ఉంటే బాగుండేది.

“అప్పుడు ఇచ్చేయమంటివి, ఇచ్చేస్తిని. ఇప్పుడు ఉంచుకో అంటావు. ఇంగ చాలప్పా. వానొస్తే రానీ, రాళ్ళు పడితే పడనీ. ఎవురినీ అడిగే పని లేదు, తల పైకెత్తి మబ్బు చూసే పని లేదు. పీడ వదిలింది నాకు” అంది.

సౌభాగ్యక్కకు ఏమైనా చెప్పమంటావా అని అడిగాను. ఏదో చెప్పబోయింది. అంతలో వెనకాల రంపం ఆగింది. పనివాళ్ళు తాడు పట్టుకుని అరిచారు. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని గట్టిగా లాగింది.

“పక్కకి జరుగప్పా, చెట్టు నీ మీద పడతాది” అంది.

లోకేశ్